ఛాతీలో శోషరసం కారితే: రంగు కాదు, కొలత చూడాలి

నేను నెల్లూరులో ఛాతీలోని గడ్డ తీయించుకున్నాక, నీరు బయటికి పోవడానికి ఛాతీకి పెట్టిన గొట్టంలో వచ్చే నీరు పల్చటి పసుపు రంగులోనే ఉండేది. పెరుగన్నం మొదలుపెట్టగానే పాలలా మారింది. చీము కాదు. పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు డెసిలీటరుకు 110 మిల్లీగ్రాములు దాటాయి కాబట్టి థొరాసిక్ డక్ట్ అనే శోషరస (లింఫ్) నాళానికి చిల్లు పడిందని తేలింది. పేగులు పీల్చుకున్న కొవ్వు వెన్నెముకకు ముందువైపున ఉండే ఈ నాళంలోనే పైకెళ్లి, మెడకు ఎడమపక్క రక్తంలో కలుస్తుంది. అది కారిపోతే కొవ్వుతోపాటు మాంసకృత్తులు, రోగాలతో పోరాడే లింఫోసైట్లు అనే తెల్లకణాలు కూడా పోతాయి. మనిషి చిక్కిపోతాడు, ఇన్ఫెక్షన్లు తేలిగ్గా అంటుకుంటాయి.

ముందు తిండితోనే ఆపాలని చూస్తారు. నెయ్యి, శెనగవిత్తనాల (వేరుశెనగ) చట్నీ, గేదె పెరుగు, నూనె తేలే చేపల పులుసు ఏవీ వద్దు. అన్నం, తాలింపు వెయ్యని కందికట్టు, గుడ్డు తెల్లసొన, వెన్న తీసిన మజ్జిగ తినొచ్చు. బలానికి ఎం.సి.టి. (మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్) అనే ప్రత్యేకమైన నూనె ఇస్తారు. అది శోషరసంలో కలవకుండా నేరుగా కాలేయానికి పోతుంది. వేపుళ్లకు పనికిరాదు, అన్నంలో కలుపుకోవాలి. కొబ్బరినూనె దానికి బదులు కాదు, అందులో ఆ రకం కొవ్వు కొంతే.

అసలు పొరపాటు పడేది ఇక్కడే. కొవ్వు మానగానే నీరు తేటపడుతుంది, ఇంట్లోవాళ్లు మానిపోయిందనుకుంటారు. చిల్లు అలాగే ఉండొచ్చు! రోజూ ఒకే వేళకు ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాసుకోండి. ఐదు నుంచి ఏడు రోజులైనా రోజుకు లీటరు పైన వస్తుంటే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. నాకు కొలత తగ్గలేదు, చేయించుకోక తప్పలేదు.

ఆపరేషన్‌కు ముందు ముక్కు గొట్టంలోంచి మీగడ ఎక్కిస్తారు, చిల్లు దగ్గర తెల్లగా ఊరి సర్జన్ కంటికి కనబడాలని. కుడివైపు నుంచి వెళ్లి, ఛాతీకీ పొట్టకూ మధ్యనుండే డయాఫ్రం అనే కండర పొర పైన, బృహద్ధమనికీ దాని పక్కనుండే అజైగస్ అనే సిరకూ మధ్యనున్న కణజాలాన్నంతా కలిపి కట్టేస్తారు. నాళం కొందరిలో రెండు మూడు పాయలుగా ఉంటుంది, ఒక్కదాన్నే కడితే కారడం ఆగదు. కట్టాక శోషరసం చిన్న పక్కదారుల్లో సిరల్లోకి చేరుతుంది. కోత లేకుండా సూదితో నాళంలోకి వెళ్లి కాయిల్స్ (సన్నటి లోహపు చుట్టలు), జిగురుతో మూసే పద్ధతీ ఉంది. దానికి అనుభవమున్న ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అంటే స్కానింగ్ చూస్తూ సూదులతో చికిత్స చేసే డాక్టరు కావాలి.

గొట్టం తీసేముందు నెయ్యి వేసిన అన్నం పెట్టి చూస్తారా అని డాక్టరుగారిని తప్పక అడగండి. నీరు తెల్లబడకుండా, కొలత పెరగకుండా ఉంటేనే గొట్టం తీయాలి. ఇంటికొచ్చాక ఆయాసం మొదలైతే ఆలస్యం చేయకుండా ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి.