పేరు లేని సర్టిఫికెట్ నుంచి కొమ్ము లేని ఖడ్గమృగం దాకా

"జంతువుల్ని చూడ్డానికి అంత దూరం దేనికమ్మా, మన వీధి చివర బోలెడన్ని" అన్నారు అత్తయ్య. నవ్వేశాను. అప్పటికింకా మావాడి బర్త్ సర్టిఫికెట్ బీరువాలోంచి తియ్యలేదు.

పోయిన దసరా సెలవులకి మేం ముగ్గురం దక్షిణాఫ్రికా వెళ్లాం. అందరూ వెళ్లే కేప్‌టౌన్ వైపు కాదు. తూర్పు తీరంలో డర్బన్, అక్కడి నుంచి ఉత్తరంగా సెయింట్ లూసియా, దానికి దగ్గర్లోనే ష్లుష్లువే-ఇంఫొలోజి అడవి. సముద్రం, అడవి రెండూ ఒకే ట్రిప్పులో అయిపోతాయని మావారి ప్లాను.

పిల్లలున్నవాళ్లు టికెట్ల కంటే ముందు ఆ సర్టిఫికెట్ తీసి చూసుకోండి. పిల్లల వీసాకి అమ్మానాన్నలిద్దరి పేర్లూ ఉన్న బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. మాదాంట్లో మా పేర్లున్నాయి, వాడిదే లేదు. పేరు ఉండాల్సిన చోట చిన్న గీత. ఆస్పత్రి వాళ్లు వారంలోపే వివరాలు పంపేశారు, మేం బారసాల ఇరవై ఒకటో రోజున చేశాం. ఆ గీతతోనే వాడు స్కూల్లో చేరాడు, ఆధార్ వచ్చింది, పాస్‌పోర్టూ వచ్చింది. తొమ్మిదేళ్లూ ఎవరూ అడగలేదు.

పుట్టిన పదిహేనేళ్లలోపు లేటు ఫీజు కట్టి పేరు చేర్పించుకోవచ్చట. అది తెలిశాక కొంచెం ఊపిరాడింది. కానీ ఇంకో చిక్కు. అందులో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరుతో. ఆ ఇద్దరూ ఒక్కరే అని నోటరీ దగ్గర అఫిడవిట్. నేను నేనేనని వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పెడుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటిసారి కొత్త సర్టిఫికెట్ వచ్చినప్పుడు వాడి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. మళ్లీ దరఖాస్తు, మళ్లీ తిరుగుడు. మొత్తం ఐదు వారాలు.

మిగతా కాగితాలు మామూలే: బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల మీదుగా వెళ్తే టీకా కార్డు గొడవ వస్తుందని దుబాయ్ మీదుగా టికెట్లు తీసుకున్నాం. వీసా ప్రయాణానికి నాలుగు రోజుల ముందు చేతికొచ్చింది. ఆ నాలుగు రోజుల ముందు దాకా నేను పడ్డ టెన్షన్ మావారికి ఇప్పటికీ తెలియదు.

డర్బన్‌లో మొదటి రోజు మధ్యాహ్నం బన్నీ చౌ తిన్నాం. బ్రెడ్డు లోపల తవ్వేసి, ఆ గుంటలో కూర పోసి ఇస్తారు. కొట్టు నడుపుతున్న పెద్దావిడ ఇంటిపేరు నాయుడు, ఇంగ్లీషులో మాత్రం చివర రెండు 'ఓ'లు. తెలుగు రాదు. మేం తెలుగువాళ్లమని చెబితే డబ్బులు తీసుకోవడం ఆపి, "మా ముత్తాతది వైజాగ్ వైపు" అంది ఇంగ్లీషులో. ఓడ కాగితాల్లో ఊరి పేరు ఉందట, కానీ గుమాస్తా ఎలా రాశాడో, అలాంటి ఊరు మ్యాపులో ఎక్కడా దొరకలేదట. కాగితం చూపించలేదు గానీ పలికి వినిపించింది. నాకూ అర్థం కాలేదు. చెరకు తోటల్లో కూలికి మనవాళ్లని మోసుకొచ్చిన మొదటి ఓడ మద్రాసు నుంచి ఇక్కడికి చేరింది 1860 నవంబర్ 16న. మర్నాడు ఎన్‌2 రోడ్డు మీద ఉత్తరంగా పోతుంటే గంటల తరబడి అటూ ఇటూ చెరకే. అక్షరం తప్పుకి ఐదు వారాలు తిరిగినదాన్ని, ఆవిడ మాటలే తలుచుకుంటూ కూర్చున్నా.

కారు గురించి ఒక్క మాట. డ్రైవింగ్ మనలాగే ఎడమ వైపు కాబట్టి ఇబ్బంది లేదు. డిపాజిట్‌కి మాత్రం డ్రైవరు పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలన్నారు. మావారి దగ్గర ఉన్నది డెబిట్ కార్డు. చివరికి స్టీరింగు నా చేతికొచ్చింది.

సెయింట్ లూసియా చిన్న ఊరు, చుట్టూ ఇసిమాంగలిసో చిత్తడి నేలలు. 1999లో ప్రపంచ వారసత్వ ప్రదేశమైంది. నది సముద్రంలో కలిసే చోట మడ అడవులు చూడగానే నాకు మా కాకినాడ పక్క కోరంగి గుర్తొచ్చింది. అయితే కోరంగిలో నీటిగుర్రాలుండవు. చీకటి పడ్డాక నడిచి తిరగొద్దని గది ఇచ్చినాయన రెండుసార్లు చెప్పాడు. రాత్రి తొమ్మిదింటికి కిటికీ బయట పరపరమని చప్పుడు. గేదె మేస్తున్నట్టే ఉంది. కర్టెన్ తీసి చూస్తే పక్కింటి గడ్డి మీద, వీధి దీపం కింద, నల్లగా నున్నగా ఒక నీటిగుర్రం. తల ఎత్తలేదు. పెదాలతో గడ్డి లాగి తెంపుతూ, రెండడుగులు వేసి మళ్లీ లాగుతూ, మా గేటు దాటి పోయింది. మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

తిమింగలాల పడవ గాలి వల్ల రద్దయింది. డబ్బులు వెనక్కిచ్చారు. కేప్ విడాల్ బీచ్‌కి వెళ్లాం, అక్కడ కోతి మా అరటిపళ్ల సంచీ ఎత్తుకుపోయింది. తిరుమల మెట్ల దారిలో కోతులకి ఏ మాత్రం తీసిపోదు.

అడవి గేటు ఉదయం ఆరింటికి తెరుస్తారు, సాయంత్రం ఆరుకల్లా బయటపడాలి. లోపల గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు, చెప్పిన చోట తప్ప కారు దిగకూడదు. 1895 నుంచీ రక్షిత అడవి ఇది. ఒకప్పుడు వందకి లోపు పడిపోయిన దక్షిణపు తెల్ల ఖడ్గమృగాలు ఇక్కడే మిగిలాయి. ఇప్పుడు లోకంలో ఉన్నవన్నీ వాటి సంతానమే. మూడు గంటలు జింకలు, జిరాఫీలు చూశాక, మలుపులో ఎడమ పక్క తుప్పల్లోంచి ఒకటి వచ్చి రోడ్డు మీద ఆగింది. ఇంజన్ ఆపేశాను. మూతి వెడల్పుగా నేలకి ఆనించి మేస్తోంది, ఒంటి మీద ఎండిన బురద పెచ్చులు.

"అమ్మా, కొమ్మేదీ?" అన్నాడు మావాడు గుసగుసగా.

కొమ్ము ఉండాల్సిన చోట గుండ్రటి మోడు. వేటగాళ్ల బాధ పడలేక 2024 నుంచి ఈ అడవిలో మత్తిచ్చి కొమ్ములు కోసేస్తున్నారు. నొప్పి ఉండదు, మన గోళ్ల లాంటిదే, మళ్లీ పెరుగుతుందని వాడికి చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు.

ఇంటికొచ్చాక అత్తయ్యకి ఫోటోలు చూపించాం. కళ్లజోడు పెట్టుకుని, ఫోను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇదేం జంతువే? గేదె అనుకుందామంటే కొమ్ములు కూడా లేవు."