మడమ నొప్పితో ట్రయాథ్లాన్ దాకా

పిక్క కండని మడమ ఎముకకి కలిపేది అకిలిస్ టెండన్. నా ఎడమ కాల్లో, మడమకి రెండు మూడు వేళ్ళ పైన, అది వాచింది. పొద్దున మంచం దిగితే గోడ పట్టుకుని నడవాల. కాసేపటికి సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్ళీ మొదలు. చెన్నైలో ఒలింపిక్ దూరం ట్రయాథ్లాన్‌కి అప్పటికే డబ్బు కట్టేసున్నా: సముద్రంలో 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 10 కిలోమీటర్ల పరుగు.

తిరుపతిలో కాలు నొప్పి అని నోరు తెరిస్తే సలహాలకి కొదవ లేదు. అలిపిరి మెట్లెక్కు, సామే చూసుకుంటాడన్నారు కొందరు. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు ఇంకొందరు. మా అత్త ఆముదం వెచ్చజేసి రాసింది. ఒక చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తామన్నారు. ఎముకల డాక్టరు మాత్రం దానికి ఒప్పుకోలేదు, ఈ టెండన్‌లోకి స్టెరాయిడ్ పోతే తెగే ప్రమాదం ఉందన్నారు. ఆయన ముందుగా అడిగింది, "ఈ మధ్య సిప్రోఫ్లాక్సాసిన్ ఏమన్నా మింగినావామ్మా?" అని. ఆ జాతి యాంటీబయాటిక్‌లతో టెండన్‌లు వాచి తెగే ప్రమాదముందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో గట్టి హెచ్చరిక చేసింది. కడుపు చెడితే చీటీ లేకుండా మందుల షాపులో తెచ్చుకుని వేసుకునేవాళ్ళు మన దగ్గర ఎంతమందో! పరుగెత్తేవాళ్ళూ కొండ మెట్లెక్కేవాళ్ళూ ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక. నేనైతే వాడలేదు. స్కాన్‌లో టెండన్ మందమెక్కి కనిపించింది గానీ చిరుగు లేదు.

ఫిజియో అబ్బాయి చెప్పిన మాటే నన్ను నిలబెట్టింది. "అక్కా, ఊరికే కూర్చుంటే నొప్పి తగ్గుతుంది గానీ టెండన్‌కి బలం రాదు. కొద్దికొద్దిగా బరువు మోయించాల." స్వీడన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన పద్ధతి అది. మెట్టు అంచున నిలబడి మడమని మెల్లగా కిందికి దించడమే వ్యాయామం: మోకాలు చాచి పదిహేనేసి మూడు సార్లు, మోకాలు కొంచెం వంచి మళ్ళీ అంతే, రోజూ రెండు పూటలా, 12 వారాలు.

మా మిద్దె మెట్లలో అన్నిటికన్నా కింది మెట్టు దానికి పనికొచ్చింది. అంచున మునివేళ్ళు ఆనించి, రెండు కాళ్ళతో పైకి లేచి, కుడికాలు తీసేసి, ఎడమ మడమని మెల్లగా అంచు కిందికి దించాల. దిగేకొద్దీ పిక్క వణుకుతుంది, మడమ పైన సుర్రుమంటుంది. అది అలవాటయ్యాక స్కూలు బ్యాగులో ఐదు కేజీల బియ్యం పోసి వీపుకి తగిలించుకున్నా. మా అత్త పక్కన కుర్చీ వేసుకుని లెక్కపెట్టేది. నేను గబుక్కున దించేస్తే, "అది లెక్కలోకి రాదు, మళ్ళా ఎక్కు" అనేది. (నొప్పి సరిగ్గా మడమ ఎముక మీదే ఉన్నవాళ్ళు ఇట్లా అంచు కిందికి దించకూడదు, నేల మీదే చెయ్యాల.)

నొప్పికి పదికి ఐదు దాకా ఓర్చుకోవచ్చు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థితికి రావాల, రాకపోతే తగ్గించుకోవాల. ఫిజియో పెట్టిన నియమం ఇదే, నేను దాన్నే పట్టుకున్నా. ఈతలో కుడికాలితోనే గోడని తన్నేదాన్ని. సైకిల్ బూటు కింద క్లీట్‌ని (బూటుని పెడల్‌కి బిగించే ముక్క) వెనక్కి జరిపితే పిక్క మీద భారం తగ్గింది. భాకరాపేట ఘాట్ మానేసి రేణిగుంట వైపు చదును రోడ్డు మీదే తొక్కినా.

పందెం రోజు పరుగు గురించే నా భయమంతా. తీరా చూస్తే మొదటి దెబ్బ ఇసకలో తగిలింది. ఈత ముగించి ఒట్టి కాళ్ళతో సైకిళ్ళ దగ్గరికి పోవాల. మెత్తటి ఇసకలో అడుగడుక్కీ మడమ దిగబడిపోయి టెండన్ సాగుతుంది. అందరూ పరుగెత్తుతుంటే నేను నడిచినా. ఆ ఇసకలో పోయిన నిమిషాలకి నేను బాధపడలా. సైకిల్ హాయిగా సాగింది. పరుగులో నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. కుంటడం మొదలైతే అక్కడే ఆగిపోవాలని ముందే మాట ఇచ్చున్నా. ఏడో కిలోమీటరు దాటాక నొప్పి మూడు నించి ఐదుకి వచ్చింది. అక్కణ్ణించి నడక ఎక్కువ, పరుగు తక్కువ. కుంటకుండా గీత దాటినా. అక్కడ నిలబడి ఏడ్చేసినా.

టెండన్ ఇంకా కొంచెం మందంగానే ఉంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. బియ్యం బ్యాగు ఇప్పటికీ వారానికి మూడు రోజులు వీపుకెక్కుతుంది. వచ్చే నెల అత్తతో శ్రీవారి మెట్టు దారిన కొండకి పోవాలనుకుంటున్నా. డాక్టరు సరేనన్నారు. ప్రతి మెట్టు మీదా మడమతో సహా పాదం మొత్తం ఆనించాలని మాత్రం గట్టిగా చెప్పి పంపించారు.