పాత బట్టల మూటల్లో పట్టు టైలు: విజయనగరంలో నా అనుభవం

మెడికల్ రెప్ ఉద్యోగంలో టై తప్పదు. విజయనగరం మే నెల ఎండలో కూడా డాక్టర్ గది బయట అది మెడలో ఉండాల్సిందే. మాకిచ్చేవి పాలిస్టర్ టైలు. చెమటకి చిరాకు పుట్టిస్తాయి, ముడి పడేచోట కొన్నాళ్ళకే జిడ్డు మెరుపు వచ్చేస్తుంది. మంచి పట్టు టై కట్టుకున్నవాడికి ఆ తేడా తెలుసు. ముడి జారదు, మెడ మీద బరువుండదు. కాకపోతే పేరున్న కంపెనీ టై కొత్తది వేలల్లో ఉంటుంది. నేను కట్టుకునేవి మాత్రం యాభైకీ వందకీ కొన్నవే.

మన ఊళ్ళో పాత డిజైనర్ బట్టలకని ప్రత్యేకంగా పెట్టిన షాపు నాకు కనపడలేదు. సరుకు మాత్రం ఉంది. రిసెప్షన్ సూట్లు అద్దెకిచ్చేవాళ్ళు పాతబడ్డ టైలని ఒక అట్టపెట్టెలో పడేసి ఉంచుతారు, అడిగితే ఇస్తారు. చలికాలంలో ఫుట్‌పాత్ మీద కోట్లు, స్వెట్టర్లు గుట్టలు పోసినప్పుడు అడుగున ఒకటో రెండో దొరుకుతాయి. అన్నిటికంటే మంచివి దొరికేది పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్ళ దగ్గర. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళల్లో బీరువా ఖాళీ చేస్తే ఆ బట్టలు వెళ్ళేది వీళ్ళ మూటల్లోకే. చీరకో లెక్క, ప్యాంటుకో లెక్క ఉంటుంది గానీ టైకి లెక్క లేదు.

మా వీధికి వచ్చే ఆవిడ మొదటిసారి ఆశ్చర్యపోయింది. “ఏటి బాబూ, ఈ పీలికలు ఏటి చేసుకుంటావు?”

“కట్టుకుంటానమ్మా. ఇలాంటివి వస్తే పారేయకుండా నాకు చూపించు.”

“తీసుకో, నీకు తోచింది ఇయ్యి.”

తోచింది ఇమ్మన్నా యాభైకి తక్కువ ఇవ్వను. ఎండలో మూట మోసుకు తిరిగే మనిషి దగ్గర బేరమాడ బుద్ధి కాదు. ఇప్పుడు ఆవిడే టైలు వేరు చేసి పక్కన పెడుతోంది.

టై చేతికి రాగానే నేను ముందు వెనక్కి తిప్పుతాను. మంచితనమంతా వెనకే ఉంటుంది. రెండు అంచుల్నీ కలిపే నిలువు కుట్టుని ఒకే దారంతో వదులుగా వేస్తారు, కొసన చిన్న ఉచ్చు వదులుతారు. ఆ ఉచ్చు కనిపిస్తే చేత్తో కుట్టిందని నమ్మకం కలుగుతుంది. తర్వాత సన్న కొస పట్టుకుని వేలాడదీస్తాను. గిర్రున మెలి తిరిగితే కోత సరిగ్గా లేదని అర్థం. బట్టని నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా కత్తిరించి మూడు ముక్కలుగా కలిపే పద్ధతిని 1920ల్లో న్యూయార్క్‌లో టైలు తయారుచేసే జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ తెచ్చాడు. ముడి విప్పగానే టై మళ్ళీ తిన్నగా సాగేది ఆ కోత వల్లే.

లేబుల్ ఒక్కదాన్నే నేను నమ్మను. ఎవరైనా కుట్టించుకోవచ్చు. అనుమానం ఉంటే కొన్నాక లోపలి అంచు నుంచి ఒక్క పోగు తీసి కాలుస్తాను. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నలిపితే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ఇలా దొరికినవాటిలో నాకు ప్రాణమైంది అమెరికా బట్టల కంపెనీ బ్రూక్స్ బ్రదర్స్ వాళ్ళ చారల టై ఒకటి. ముదురు నీలం మీద వెండి రంగు చారలు. ఇంగ్లండ్ సైనిక దళాల (రెజిమెంట్ల) టైలలో చారలు కట్టుకున్నవాడి ఎడమ భుజం వైపు నుంచి కిందికి దిగుతాయి. బ్రూక్స్ బ్రదర్స్ వాళ్ళు ఆ వాలుని తిప్పేసి కుడి భుజం వైపు నుంచి దించారు. మూటలోంచి తీసి గుండె మీద పెట్టుకు చూస్తే చారలు కుడి నుంచే దిగుతున్నాయి, వెనక ఉచ్చు చెక్కుచెదరలేదు. ఆ రోజంతా నాకు సంతోషం పట్టలేదు.

మరకల విషయంలో మాత్రం కచ్చితంగా ఉండాలి. ట్యూబ్‌లైటు కింద కాదు, పగటి వెలుతురులో చూడాలి. ముడి పడేచోట, కింది మొన దగ్గర పోగులు లేచిపోతే వదిలేయడమే. పసుపు మరకకి మందు లేదు. నూనె తాజాదయితే టాల్కం పౌడర్ చల్లి రాత్రంతా ఉంచితే చాలావరకు పీల్చేస్తుంది. నీళ్ళలో మాత్రం ముంచకూడదు, లోపలి ఉన్ని గుడ్డ ముడుచుకుపోతే టై మళ్ళీ తిన్నగా రాదు. డ్రైక్లీనింగ్‌కిస్తే “ఇస్త్రీ పెట్టొద్దు” అని రెండుసార్లు చెబుతాను. అంచులు గుండ్రంగా ఉంటేనే టైకి అందం, ఇస్త్రీ వాటిని అట్టలా అణిచేస్తుంది. ముడతలకి కేటిల్ ఆవిరి దూరం నుంచి చూపించి, చుట్ట చుట్టి ఒక రాత్రి ఉంచితే పోతాయి. కలరా ఉండల వాసనకి నీడలో గాలి తగలనివ్వడమే మార్గం.

1970ల నాటివి కొన్ని నాలుగంగుళాలకు మించి వెడల్పుంటాయి. ఈ రోజుల్లో మూడు, మూడున్నర అంగుళాలవి ఏ కాలరుకైనా నప్పుతాయి. అయినా బట్ట బాగుంటే వెడల్పువీ తీసుకుంటాను. మా టైలర్ కుట్టు విప్పి, లోపలి గుడ్డ కూడా కత్తిరించి సన్నం చేసిస్తాడు. అతనిచ్చే బిల్లు టై ఖరీదు కంటే ఎక్కువే అవుతుంది, అయినా ఇస్తాను.