డొమినార్ టైర్ల చిట్టా: రోజూ హైవే, నెలకోసారి అనంతగిరి ఘాట్

18,900 కి.మీ. (బండి మీటరులో అప్పటిదాకా తిరిగిన దూరం)

నా బజాజ్ డొమినార్ బైకుతో వచ్చిన టైర్లు చివరి దశకు వచ్చాయని తొలకరి జల్లు పడిన రోజున తెలిసింది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతూ, టైడా రాకముందే ఒక ఎడమ మలుపులో వెనుక చక్రం జానెడు పక్కకు జారి, మళ్ళీ తనంతట తానే నిలదొక్కుకుంది. వేగం ముప్పై కూడా లేదు. అరకు చేరేదాకా మిగిలిన మలుపులన్నీ ముసలి ఎద్దుబండిలా దాటాను.

ఇంటికి వచ్చాక డెప్త్ గేజ్‌తో కొలిచాను. వెనుక టైరు మధ్య గాడి లోతు 1.8 మి.మీ. ఉంటే, అంచుల దగ్గర 4.6 మి.మీ. ఉంది. చేత్తో అడ్డంగా తడిమితే గుండ్రంగా తగలవలసిన టైరు మధ్యలో పీటలా చదునుగా, దానికి రెండు వైపులా చిన్న గట్టులా తగిలింది. గాజువాక నుంచి అనకాపల్లికి వారానికి ఆరు రోజులు, రానూపోనూ యాభై కిలోమీటర్ల తిన్నని జాతీయ రహదారి ప్రయాణం చేసిన పని ఇది. నేను ఘాట్ రోడ్డు కోసం మంచి గ్రిప్ టైరు కావాలనుకుంటూ వచ్చాను కానీ, నా టైరును తినేస్తున్నది ఘాట్ కాదు, ఆఫీసు దారి. నిటారుగా నడిచే బండి మధ్య రబ్బరును అరగదీస్తుంది. వర్షంలో మలుపులో బండిని వాల్చినప్పుడు ఆ చదును గట్టు మీదుగా అంచుకు మారడం ఒక్కసారిగా జరుగుతుంది. నేను జారింది కూడా సరిగ్గా అక్కడే అయి ఉంటుందని నా అంచనా.

19,300 కి.మీ.

ఎంపికకు రెండు వారాలు పట్టింది. నా బండికి ముందు 110/70 ఆర్17, వెనుక 150/60 ఆర్17 కొలతలు ఉన్నాయి (మొదటి అంకె మి.మీ.లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎత్తు శాతం, ఆర్ అంటే రేడియల్, 17 అంటే అంగుళాల్లో రిమ్ము కొలత). వెనుక టైరు మీద కొలత పక్కనే ఉండే 66హెచ్‌లో 66 అంటే ఆ టైరు 300 కిలోల భారం మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కి.మీ. వేగం వరకు తట్టుకుంటుందని అర్థం. వేగం గుర్తు మన దారులకు ఎలాగూ ఎక్కువే కాబట్టి దాని కోసం డబ్బు పెట్టనవసరం లేదు, కానీ భారం గుర్తు మాత్రం తగ్గకూడదు. 160 వెడల్పు వేస్తే బండి చూడటానికి బాగుంటుందని ఇద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. ఉన్న రిమ్ముకు మించిన వెడల్పు టైరు బిగిస్తే అంచులు లోపలికి ముడుచుకుని టైరు ఆకారం మారిపోతుంది, బండి వాలడానికి మొరాయిస్తుంది. కాబట్టి కంపెనీ కొలతకే కట్టుబడ్డాను.

జాబితాలో చివరికి పిరెల్లి డయాబ్లో రోసో 2, మిషెలిన్ పైలట్ స్ట్రీట్ రేడియల్, అపోలో ఆల్ఫా హెచ్1 మిగిలాయి. మెత్తని రబ్బరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, తడిలో మొహం చాటేస్తుంది. రబ్బరులో సిలికా కలపడం వల్ల తడి రోడ్డు మీద పట్టు కొంత పెరుగుతుంది కాబట్టి, రెండింటికీ మధ్యస్థంగా ఉండే టైరు దొరకడం ఇప్పుడు మునుపటంత కష్టం కాదు. సంవత్సరానికి పద్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే నాకు, అందులో ఘాట్ వాటా చాలా తక్కువైనప్పుడు, అన్నిటికంటే మెత్తని టైరు కొనడం పెళ్ళి బట్టలు వేసుకుని రోజూ పొలానికి వెళ్ళినట్టే అనిపించింది. ఆల్ఫా హెచ్1 జత తీసుకోవాలని నిర్ణయించాను. ముందు టైరులో ఇంకా లోతు ఉన్నా, దాని గాడుల అంచులు రంపపు పళ్ళలా ఎగుడుదిగుడుగా అరిగి ఉండటంతో రెండూ కలిపి మార్చడమే మేలనుకున్నాను.

19,450 కి.మీ.

మొదటి దుకాణంలో టైరును బిగించే యంత్రం మీదకు ఎక్కించబోతుండగా, ఆపమని సెల్‌ఫోన్ టార్చి వేసి పక్కగోడ మీద తయారీ వివరాలు తెలిపే డీఓటీ అక్షరాల చివర ఉన్న నాలుగు అంకెలు చూశాను. 1120 అని ఉంది. అంటే 2020వ సంవత్సరం పదకొండో వారంలో తయారైన టైరు, నేను కొంటున్నది 2024 జూలైలో. కుర్రవాడు గుడ్డతో తుడిచి, "చూడండి సార్, కొత్తదే, మెరుస్తోంది కదా" అన్నాడు. మెరుపు పాలిష్‌ది, వయసు రబ్బరుది. నాలుగేళ్ళు అటక మీద ఎండకు మగ్గిన టైరులో గాడి లోతు కొత్తదానిలాగే ఉన్నా రబ్బరు బిగుసుకుపోతుంది. తిరిగి ఇచ్చేసి, మరో దుకాణంలో 0824 అంకె ఉన్నది తీసుకున్నాను. అక్కడ వాల్వులు కొత్తవి వేయించి, పక్కగోడ మీది బాణం చక్రం తిరిగే దిశకే ఉందని చూసుకుని, బ్యాలెన్సింగ్ చేయించాను.

కొత్త గాడి లోతు వెనుక మధ్యలో 6.8, ముందు 4.9 మి.మీ. మొదటి నూట యాభై కిలోమీటర్లు గట్టి బ్రేకులు, లోతైన వాలులు లేకుండా నడిపాను. అచ్చు నుంచి వచ్చిన జిడ్డుపొర పోయేదాకా కొత్త టైరు పాతదానికంటే ప్రమాదకరం.

23,500 కి.మీ.

వెనుక మధ్యలో 5.6 మి.మీ., అంచుల్లో 6.4. ఇంత బాగా వస్తుందని నేను అనుకోలేదు. వర్షంలో మూడు సార్లు అనంతగిరి వెళ్ళివచ్చాను. కాఫీ తోటల పక్క మలుపుల్లో తడి ఆకులు పరుచుకుని ఉన్నచోట కూడా బండి చెప్పినట్టు విన్నది. అయితే తడి ఆకుల మీద ఏ టైరుకూ పట్టు ఉండదు, నేనే నెమ్మదిగా వెళ్ళాను అన్నది కూడా నిజం.

గాలి విషయంలో నా అలవాటు ఇది: వారానికి ఒకసారి, తెల్లవారాక బండి తీయకముందే, నా సొంత గేజ్‌తో మాన్యువల్‌లో చెప్పిన అంకెకు సరిచూస్తాను. టైరు ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి ఒకటి, ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది కాబట్టి, మధ్యాహ్నం హైవే దిగి పెట్రోలు బంకులో చూపించుకుని ఎక్కువైందని గాలి తీయిస్తే, మర్నాటి ఉదయానికి టైరు తక్కువ గాలితో ఉంటుంది.

25,200 కి.మీ.

ఈ నియమాన్ని నేనే తప్పాను. పోర్టు వైపు పని పడి వెళ్ళినప్పుడు మేకు దిగింది, పంచరు షాపులో బయటి నుంచే రంధ్రంలోకి రబ్బరు దారం వేయించుకుని ఊరుకున్నాను. వారాంతపు తనిఖీ రెండుసార్లు ఎగ్గొట్టాను. బండి మలుపులో బరువుగా తిరుగుతోందని అనుమానం వచ్చి చూస్తే ఉండవలసినదానికి 9 పీఎస్‌ఐ తక్కువ ఉంది. సబ్బు నీళ్ళు పోస్తే దారం పక్క నుంచి బుడగలు సన్నగా, తీరిగ్గా పొంగాయి. టైరు విప్పించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారంలో ఉండే రబ్బరు అతుకు) వేయించాను. ఆ రెండు వారాల్లో అంచులు మధ్య కంటే వేగంగా అరిగాయి, ఆ తేడా నా చిట్టాలో స్పష్టంగా కనిపిస్తోంది.

27,500 కి.మీ.

వెనుక మధ్యలో 4.4 మి.మీ. వెయ్యి కిలోమీటర్లకు సగటున 0.3 మి.మీ. చొప్పున పోతోంది. గాడి అడుగున ఉన్న అరుగుదల మిట్టల దాకా ఆగను, 2 మి.మీ.కి రాగానే మారుస్తాను. అంటే ఈ వెనుక టైరు నాకు పదహారు వేల దాకా రావాలి. ముందు టైరులో కుడివైపు 3.6, ఎడమవైపు 3.9 ఉంది. మన రోడ్లు నీరు పోవడానికి ఎడమ అంచు వైపు వాలుగా ఉంటాయి, నిటారుగా నడిచే బండి టైరు దానివల్ల కాస్త కుడి పక్కనే రోడ్డును తాకుతుంది. తదుపరి కొలత 30,000 దగ్గర.