మా అంబాసిడర్ రేడియేటర్‌కు కొత్త కోర్: నా అనుభవం

ఎల్కతుర్తి దాటిన పది నిమిషాలకు బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. కరీంనగర్‌లో మేనకోడలి పెళ్లికి బయల్దేరాం, వెనక సీట్లో అమ్మ, బాపు. బండి పక్కకు ఆపి నేను రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతుంటే బాపు గట్టిగా అరిచాడు: "ముట్టకు బిడ్డా, మొకం కాలుతది!"

ఆయన అన్నది నిజం. రేడియేటర్ మూత, ఇంజన్‌ను చల్లబరిచే లోపలి నీళ్లను ఒత్తిడిలో పట్టి ఉంచుతుంది, అందుకే 100 డిగ్రీలు దాటినా అవి మరగవు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మీదికి ఎగజిమ్ముతాయి. ముప్పావుగంట ఒక చింతచెట్టు కింద కూర్చున్నాం. టాప్ హోస్, అంటే ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వేడినీళ్లు తెచ్చే రబ్బరు గొట్టం, చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక, గుడ్డ కప్పి మెల్లగా మూత తిప్పాను. ఇంజన్ స్టార్ట్ చేసి, కొంచెం కొంచెంగా నీళ్లు పోశాను. వేడి ఇంజన్‌లో ఒకేసారి చల్లనీళ్లు గుమ్మరిస్తే ఇంజన్ పైన ఉండే హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

ఇది బాపు 1988లో కొన్న మార్క్-4, 1489 సీసీ పెట్రోల్ బండి. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దీని మీదే. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్న భాగాన్ని కాపాడుకోవడమే మంచిదన్నది మొదటి నుంచీ నా పట్టుదల.

హనుమకొండకు తిరిగొచ్చాక మొదట చూపించిన మెకానిక్ థర్మోస్టాట్ పీకి పక్కన పెట్టాడు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వ్ అది. "మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్" అన్నాడు. చాలా షెడ్లలో ఇదే వైద్యం. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి ఎక్కువసేపు పడుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. పైగా మా బండి వేడెక్కడం ఆగలేదు. రోజూ వేడి చూపించే ముల్లు చూసుకుంటూ నడపడం, అదే టెన్షన్.

అప్పుడు నేనే ఒక పద్ధతి ప్రకారం చూడటం మొదలుపెట్టాను. సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు వేడెక్కి, రోడ్డెక్కగానే తగ్గితే తప్పు ఎక్కువగా గాలిది: ఫ్యానో, బెల్టో చూసుకోవాలి. మాది తిరగబడి ఉంది. ఊళ్లో బాగానే ఉంటుంది, హైవే మీద అరవై దాటితే ముల్లు పైకి పోతుంది. అంటే రేడియేటర్ లోపల నీళ్లు పారడం లేదు. బండి కాసేపు నడిపి, ఇంజన్ ఆపి, కోర్ మీద, అంటే రేడియేటర్‌లో సన్నటి ట్యూబులు, రెక్కలు ఉండే మధ్య భాగం మీద, అక్కడక్కడ చెయ్యి ఆనించి చూశాను. కుడివైపు కింది భాగం మిగతా చోట్ల కంటే బాగా చల్లగా ఉంది. అక్కడి ట్యూబులు మూసుకుపోయినట్టే.

వరంగల్‌లో రేడియేటర్ పని ఒక్కటే చేసే ఒక చాచా ఉన్నాడు. వయసు డెబ్బై పైనే. రేడియేటర్ విప్పుకుని ఆటోలో పెట్టుకుని పోయాను. చూడగానే "దీంట్ల పసుపు పోసిండ్రా?" అని అడిగాడు. పోశాం. పదేళ్ల కింద చిన్న లీకు వస్తే ఎవరో చెప్పారని గుప్పెడు పసుపు పోశాం, లీకు ఆగింది. ఆ పసుపు లీకును మూసినట్టే సన్నటి ట్యూబులనూ మూస్తుందని అప్పుడు తోచలేదు. దానికి తోడు ఇన్నేళ్లూ పోసింది బోరు నీళ్లే. గీజర్ రాడ్ మీద పట్టే తెల్లటి పొర ఉంటుంది కదా, అదే లోపలా పేరుకుంది.

ఆయన పని చూస్తూ మూడు గంటలు అక్కడే కూర్చున్నాను. పాత రేడియేటర్ మొత్తం రాగి, ఇత్తడి. పైట్యాంకు, కిందిట్యాంకు కోర్‌కు టంకంతో అతికి ఉంటాయి. తగరం, సీసం కలిసిన ఆ టంకం 200 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది, ఇత్తడి కరగాలంటే 900 దాటాలి. అందుకే మంట చూపిస్తే అతుకు వదులుతుంది కానీ ట్యాంకుకు ఏమీ కాదు. ఎన్నిసార్లయినా విప్పి మళ్లీ అతికించుకోవచ్చు. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న కొత్త రకం అల్యూమినియం రేడియేటర్‌తో ఇది కుదరదు. మిత్రులు చాలామంది అల్యూమినియందే పెట్టించుకోమన్నారు, నేను ఒప్పుకోకపోవడానికి ఇదే కారణం.

పైట్యాంకు ఊడదీస్తే ట్యూబుల నోళ్లు గోధుమరంగు గారతో సగం పూడిపోయి ఉన్నాయి. చాచా సన్నటి ఇనుప పట్టీ ఒక్కో ట్యూబులోకి దించుతూ గీకడం మొదలుపెట్టాడు. గార పొడిపొడిగా రాలింది. నలభై దాకా ట్యూబులు బాగయ్యాయి. తర్వాత వరసలో మూడు చిరిగాయి. ఆయన చెయ్యి ఆపేశాడు. "కోర్ అయిపోయింది బిడ్డా. మాటేస్తే ఆర్నెల్లు, కొత్తది వేస్తే నీ పిల్లలు కూడ నడుపుతరు."

కొత్త కోర్‌కు ఎత్తు, వెడల్పు, మందం కొలుచుకుని హైదరాబాద్‌కు చెప్పాడు. పాతది మూడు వరసల ట్యూబులది, నాలుగు వరసలది అడిగాం. వారం పట్టింది.

ఆ వారంలో నేను చేసిన పని ఇంజన్ బ్లాక్ కడగడం. దీన్ని చాలామంది వదిలేస్తారు, వదలకూడదు. బ్లాక్‌లో ఉన్న తుప్పు, గార కొత్త కోర్‌లోకే వచ్చి కూర్చుంటాయి. బ్లాక్‌కు ఉన్న డ్రెయిన్ విప్పి, పై నుంచి పైపుతో నీళ్లు వదిలాను. మొదట ఇటుకరంగు బురద వచ్చింది. డ్రెయిన్ రంధ్రం మధ్యలో మూసుకుపోతే తీగతో పొడిచి తెరిచాను. తేట నీళ్లు వచ్చేసరికి రెండు గంటలు.

కోర్ వచ్చాక చాచా పాత పైట్యాంకు సొట్టలను చెక్కసుత్తితో లోపలి నుంచి కొట్టి తీశాడు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద పనిచేసేవాళ్ల చేతులే గుర్తొచ్చాయి, అంత మెత్తటి దెబ్బ. అతికాక, టంకం పట్టడానికి పూసిన యాసిడ్ పోయేదాకా వేడినీళ్లతో కడిగాడు, మిగిలితే ఇత్తడిని తినేస్తుందట. గొట్టాలకు బిరడాలు బిగించి, గాలి పట్టి, తొట్లో ముంచాడు. ఒక మూల సన్నగా బుడగలు వచ్చాయి. మళ్లీ వేడి చేసి మళ్లీ ముంచాడు. ఈసారి నీళ్లు కదల్లేదు. నల్లరంగు పల్చగా కొట్టించాను, మందంగా వేస్తే రెక్కల వేడి సరిగ్గా బయటికి పోదు.

బిగించేటప్పుడు హోస్‌లు, క్లిప్పులు, మూత, ఫ్యాన్ బెల్టు అన్నీ కొత్తవి వేశాను. థర్మోస్టాట్ కూడా కొత్తది పెట్టించాను. బోరు నీళ్లు బంద్. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలిపి పోసి, మూత తీసి ఉంచి ఇంజన్ నడిపాను. లోపలి గాలి బుడగలుగా పైకి వచ్చి మట్టం దిగింది, మళ్లీ నింపాను. అలా మూడుసార్లు.

మే రెండో వారంలో, పెళ్లికి పోలేకపోయిన బాకీ తీర్చుకోవడానికి కొత్త దంపతులను చూడ్డానికి అదే దారిలో వెళ్లాం. ఎల్కతుర్తి దాటింది, హుజూరాబాద్ దాటింది, డెబ్బై మీద కూడా ముల్లు సగం దగ్గరే నిలబడింది. కరీంనగర్‌లో మానేరు డ్యామ్ కట్ట దగ్గర ఆపితే బాపు దిగి, బానెట్ ఎత్తించి, ముందు టాప్ హోస్, తర్వాత కింది హోస్ పట్టుకుని చూశాడు. పైది కాలుతోంది, కిందిది గోరువెచ్చగా ఉంది. "పారుతున్నయ్ నీళ్లు" అని బానెట్ తనే మూశాడు.