బడికి వెళ్లని ఇంట్లో వేసవి

జూన్ 12న బడులు తెరవగానే హనుమకొండలోని మా వీధి పిల్లలంతా బస్సెక్కారు. ఇంట్లోనే చదువుకునే మా ఇద్దరు పిల్లలకి సెలవులకీ చదువుకీ మధ్య అలాంటి గీత లేదు.

ఈ ఎండాకాలమంతా రామప్పదే. 1213 నాటి ఆ గుడి శిఖరానికి నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు వాడారని తెలుసుకున్న పెద్దమ్మాయి, మట్టిలో వరిపొట్టు కలిపి ఇటుక చేసి, ఎండబెట్టి, కుంపట్లో కాల్చి బకెట్లో వేయగా, అది బుడగలు వదులుతూ మునిగిపోయింది. సాంద్రత పాఠం నేను వేరుగా చెప్పవలసిన పని పడలేదు. లెక్కలు మాత్రం మామిడికాయ తొక్కు కొలతలు దాటలేదు (అత్తమ్మ కారం చేతి అంచనాతోనే వేస్తారు మరి).

'ఇంకా బడికి పంపరా?' అని పక్కింటివారు అడుగుతూనే ఉన్నారు. 14 ఏళ్లు నిండాక జాతీయ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయించవచ్చని చెప్పాను. సోమవారం నుంచి చిన్నవాడికి భిన్నాలు మొదలు.