రొయ్యల గుంట ఉష్ణోగ్రత నమోదు: ఖాళీగా తిరుగుతున్న రీడ్ లూపు

అల్లూరులో మా బావగారి రొయ్యల గుంట గట్టున, ఏరేటర్ల స్విచ్‌బోర్డు ఉన్న రేకుల గదిలో, నీటి ఉష్ణోగ్రతను సెకనుకొకసారి నమోదు చేసే అమరికను నెల రోజులుగా తయారుచేస్తున్నాను. సెన్సార్‌ను చదివే ఆర్డ్వినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల) వేగంతో యూఎస్‌బీ తీగ మీద పంపే వరుసలను పెట్టెలో పెట్టిన రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లో, హాస్కెల్ భాషలో రాసిన ప్రోగ్రాం ఒక లూపులో మళ్లీ మళ్లీ చదివి అందుకుంటుంది.

ఈ ఆదివారం వెళ్లేసరికి పెట్టె మూత చెయ్యి ఆనించలేనంతగా కాలుతోంది. ప్రాసెసర్ వాడకాన్ని చూపే టాప్ ఆదేశంలో చూస్తే మా ప్రోగ్రాం ప్రాసెసర్‌లోని ఒక కోరును నూటికి నూరు శాతం వాడుకుంటోంది. కరెంటు పోయినప్పుడు ఇది ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడవాలి కాబట్టి దీన్ని వదిలేయడానికి వీల్లేదు.

మొదట లూపులో 10 మిల్లీసెకన్ల విరామం పెట్టాను. వాడకం బాగా దిగింది గానీ, సెకనుకు దాదాపు వందసార్లు లేచి చూసే ప్రోగ్రాం బాగుపడిందని నేను ఒప్పుకోలేను. ఆ విరామం తీసేశాను.

ప్రోగ్రాం కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) ఏమేం అడుగుతోందో చూపే స్ట్రేస్ తగిలించగానే తెర నిండా ఒకటే వరుస: రీడ్, ఫలితం సున్నా, అంటే ఒక్క బైటూ రాలేదు. హాస్కెల్ ప్రోగ్రాంను నడిపించే రన్‌టైమ్, ఆర్డ్వినో తీగ కలిసే సీరియల్ పోర్టును నాన్‌బ్లాకింగ్‌గా, అంటే డేటా లేకపోయినా రీడ్ ఆగిపోకుండా వెంటనే తిరిగొచ్చేలా తెరుస్తుంది. డేటా లేనప్పుడు కెర్నల్ ఈఎగైన్ (ఇప్పుడు లేదు, మళ్లీ అడుగు) అంటేనే, థ్రెడెడ్ ఆప్షన్‌తో కంపైల్ చేసిన ప్రోగ్రాంలో చదివే థ్రెడ్, డేటా రాగానే కబురు చెప్పే ఈపోల్ అనే కెర్నల్ సదుపాయం ద్వారా డేటా కోసం నిద్రలో ఎదురుచూస్తుంది. సున్నా వస్తే మాత్రం ఫైలు అయిపోయిందని భావించి హెచ్‌గెట్‌సమ్ అనే చదివే ఫంక్షన్ ఖాళీ బైట్‌స్ట్రింగును (బైట్ల వరుసను) తిరిగిస్తుంది. ఖాళీ వస్తే మళ్లీ చదవమని రాసింది నేనే. ఇక సున్నా ఎందుకు వచ్చిందంటే, పాత సీ ప్రోగ్రాం కోసం రాసుకున్న పోర్టు అమరికలు మార్చే ఎస్‌టీటీవై ఆదేశం బూట్ స్క్రిప్టులో అలాగే ఉండిపోయింది. అందులో మిన్ 0, టైమ్ 0 అని ఉంది, అంటే ఒక్క బైటూ లేకపోయినా ఆగకుండా సున్నాతో తిరిగిరమ్మని. మిన్‌ను 1 చేయగానే డేటా వచ్చినప్పుడు మాత్రమే రీడ్ కనిపించింది.

అయితే తీగ ఊడదీసి చూడగా సున్నాల వరద మళ్లీ మొదలైంది, ఎందుకంటే పోర్టు తెగిపోయినా రీడ్ సున్నానే ఇస్తుంది. అందువల్ల ఇప్పుడు ఖాళీ బైట్‌స్ట్రింగు వస్తే పోర్టు హ్యాండిల్‌ను (తెరిచిన పోర్టును) మూసి, 2 సెకన్లు ఆగి, మళ్లీ తెరుస్తున్నాను. విరామమిచ్చే థ్రెడ్‌డిలే ఫంక్షన్‌కు మైక్రోసెకన్లు ఇవ్వాలి గనుక అక్కడ 2000000 అని రాయాలి.

మరొక చిన్న సర్దుబాటు కూడా చేశాను. థ్రెడెడ్ రన్‌టైమ్ 0.3 సెకన్లు ఖాళీగా ఉంటే చెత్త సేకరణ, అంటే వాడకంలో లేని మెమరీని వెనక్కి తీసుకోవడం మొదలుపెడుతుంది. మాకు సెకనుకొక వరుస వస్తుంది కాబట్టి వరుస వరుసకూ అది జరిగే వీలుంది. ఐ0 అనే ఆర్‌టీఎస్ (రన్‌టైమ్) ఆప్షన్‌తో దాన్ని ఆపేశాను.

సాయంత్రం ఏరేటర్లు వేసే వేళకు పెట్టె మూత చల్లబడింది. రెండో గుంట సెన్సార్‌కు తీగ కొలుచుకొని ఇంటికి బయలుదేరాను.